వేడికి దారి లేకపోతే

“కారులో కొత్తగా యాంప్లిఫయర్ పెట్టించుకున్నాను. అరగంట చక్కగా పాడి ఆగిపోయేది. కాసేపటికి దానంతట అదే మళ్లీ అందుకునేది. కొన్నాళ్లకు కాలిన వాసన వచ్చి పూర్తిగా మూగబోయింది. సరుకే నాసిరకమని బిగించినవాళ్లు అంటున్నారు. నిజమేనా?” అని ఒక పాఠకుడు అడిగారు. యాంప్లిఫయర్‌ను సీటు కింద పెట్టి పైన తివాచీ కప్పారని, ఒక్కో చానెల్‌కు రెండేసి స్పీకర్లు కలిపారని కూడా రాశారు. సరుకును నిందించే ముందు ఈ రెండు వివరాలనూ లెక్కలో పెట్టి చూడాలి. ఆ లెక్క చాలా అందమైనది. ఈ వ్యాసం దానికోసమే.

యాంప్లిఫయర్ శబ్దాన్ని ఎలా పెంచుతుందో ఇక్కడ చెప్పబోవడం లేదు. మనకు కావలసింది ఒక్క సంగతే: బ్యాటరీ నుంచి తీసుకున్న శక్తిలో కొంత స్పీకరుకు చేరదు, వేడిగా మారి లోపలే మిగులుతుంది. కరెంటుకు కుళాయిల్లా పనిచేసే ట్రాన్సిస్టర్లను పూర్తిగా తెరుస్తూ, మూస్తూ నడిపే క్లాస్ డి రకంలో ఈ నష్టం తక్కువ, వాటిని కొంత కొంత తెరిచి నడిపే క్లాస్ ఏబీ రకంలో ఎక్కువ. శబ్దం గరిష్ఠంగా ఉన్నప్పుడే వేడి కూడా గరిష్ఠంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. క్లాస్ ఏబీలో అలా జరగదు. ట్రాన్సిస్టర్‌లో పుట్టే వేడి ఎంతో తెలియాలంటే దానిగుండా పోయే కరెంటును దాని కొసల మధ్య నిలిచిన వోల్టేజితో గుణించాలి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు కరెంటు ఎక్కువే, కానీ వోల్టేజి దాదాపు ఉండదు. మూసుకున్నప్పుడు వోల్టేజి ఉంటుంది, కరెంటు ఉండదు. రెండూ గట్టిగా ఉండేది నడిమి స్థితిలోనే. సైన్ తరంగంతో లెక్క కడితే అల ఎత్తు గరిష్ఠంలో 64 శాతం ఉన్నప్పుడు వేడి శిఖరానికి చేరుతుంది. అప్పుడు లోపలికి వచ్చిన శక్తిలో సగం వేడికే పోతుంది. కాబట్టి “నేను పూర్తి వాల్యూమ్ ఎప్పుడూ పెట్టలేదు” అనుకుని ధీమాగా ఉండటానికి లేదు.

ఆ వేడి బయటికి పోయే తీరును చెప్పే సూత్రం నాకు భౌతికశాస్త్రంలో ఎంతో ఇష్టమైనది. ఘనపదార్థాల్లో వేడి ఎలా పారుతుందో ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో సమగ్రంగా రాశాడు. ఉష్ణోగ్రతల తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత జోరుగా పారుతుంది. అయిదేళ్లకు, 1827లో, జర్మనీకి చెందిన ఓమ్ ఆ నమూనానే విద్యుత్తుకు అన్వయించాడు. ఉష్ణోగ్రతల తేడా ఉన్నచోట వోల్టేజిని, వేడి ప్రవాహం ఉన్నచోట కరెంటును పెట్టాడు. ఓమ్ నియమం వేడి ఇంట్లో పుట్టి విద్యుత్తు ఇంటికి దత్తు వెళ్లిందన్నమాట. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇవి ఒకదానికొకటి సంబంధం లేని రెండు అధ్యాయాలు. ఒక్క పూట రెండింటినీ పక్కపక్కన పెట్టి బోధిస్తే విద్యార్థులకు రెండూ గుర్తుండిపోతాయని నా గట్టి నమ్మకం.

ఆ నియమాన్ని మళ్లీ పుట్టింటికే తెచ్చుకుందాం. వేడి వాట్లను ఉష్ణ నిరోధంతో, అంటే వేడి దారికి ఉన్న అడ్డుతో, గుణిస్తే ఉష్ణోగ్రత ఎన్ని డిగ్రీలు పెరుగుతుందో వస్తుంది. లెక్క సులువుగా ఉండటానికి మన యాంప్లిఫయర్‌లో 100 వాట్ల వేడి పుడుతోందని, దాన్ని నాలుగు ట్రాన్సిస్టర్లు సమానంగా పంచుకున్నాయని అనుకుందాం. హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే రెక్కల లోహపు దిమ్మ) నుంచి గాలికి ఉన్న నిరోధం వాటుకు 0.4 డిగ్రీలు. కారు లోపలి గాలి 35 డిగ్రీలైతే హీట్‌సింక్ 75 దగ్గర నిలుస్తుంది. ట్రాన్సిస్టర్‌లోని సిలికాన్ ముక్క నుంచి హీట్‌సింక్ దాకా ఇంకో నిరోధం ఉంది, 1.5 అనుకుందాం. ఒక్కో ట్రాన్సిస్టర్‌ది 25 వాట్లు కనుక అక్కడ మరో 37.5 డిగ్రీలు. సిలికాన్ ఉష్ణోగ్రత 112.5. చాలా ట్రాన్సిస్టర్లకు తయారీదారులు పెట్టే హద్దు 150. ఇంకా వెసులుబాటు ఉంది.

ఇప్పుడు తివాచీ కప్పండి. హీట్‌సింక్ రెక్కల మధ్య గాలి కదలక నిరోధం 0.8కి పెరిగిందనుకోండి. హీట్‌సింక్ 115, సిలికాన్ 152.5. ట్రాన్సిస్టర్ హద్దు దాటేసింది.

తివాచీ తీసేసి స్పీకర్లు చూద్దాం. 4 ఓమ్‌ల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే యాంప్లిఫయర్‌కు కనిపించేది 2 ఓమ్‌లే. అంతే వోల్టేజికి కరెంటు రెట్టింపు, ట్రాన్సిస్టర్లలో వేడి రెట్టింపు: 200 వాట్లు. హీట్‌సింక్ మళ్లీ 115కే చేరింది. చేత్తో ముట్టుకుని చూసేవాడికి రెండు తప్పులూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఈసారి ఒక్కో ట్రాన్సిస్టర్‌కు 50 వాట్లు, కనుక లోపలి మెట్టు కూడా రెట్టింపై 75 డిగ్రీలయింది. సిలికాన్ 190! తివాచీ దారిలో ఒక్క మెట్టునే ఎత్తు చేస్తుంది, తప్పుగా కలిపిన స్పీకరు ప్రతి మెట్టునూ ఎత్తు చేస్తుంది. పాఠకుడి కారులో రెండూ ఉన్నాయి. రెండు చానెళ్లను బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండూ కలిసి ఒకే స్పీకరును నడిపేలా కలిపినప్పుడు, ఒక్కో చానెల్‌కు స్పీకరు నిరోధంలో సగమే కనిపిస్తుందన్న సంగతి కూడా చాలామంది మరిచిపోతారు.

అరగంటకోసారి ఆగడం వెనుక ఉన్నది రక్షణ ఏర్పాటు. హీట్‌సింక్‌కు అంటించిన థర్మిస్టర్ (ఉష్ణోగ్రతను పసిగట్టే చిన్న భాగం) వేడి ఒక హద్దు దాటగానే యాంప్లిఫయర్‌ను ఆపేస్తుంది, చల్లారాక వదులుతుంది. మంచి కాపలాయే గాని దానికి హీట్‌సింక్ ఉష్ణోగ్రత మాత్రమే తెలుసు. ఒక ట్రాన్సిస్టర్‌ను అదిమి పట్టే స్క్రూ వదులైందనుకోండి. సబ్‌వూఫర్ పెట్టె మీదే యాంప్లిఫయర్‌ను బిగిస్తే ఆ అదురుకు స్క్రూలు వదులు కావడం సహజం. ట్రాన్సిస్టర్‌కు కరెంటు తగలకుండా కింద పెట్టే అభ్రకం రేకుకూ హీట్‌సింక్ లోహానికీ మధ్య వెంట్రుకవాసి గాలి పొర చేరుతుంది. గాలి కంటే అక్కడ పూసే ఉష్ణవాహక లేపనం కొన్ని పదుల రెట్లు మెరుగైన వాహకం కనుక ఆ పొర పలుచనిదైనా తక్కువది కాదు. లోపలి నిరోధం 1.5 నుంచి 3కు పెరిగితే, హీట్‌సింక్ అదే 75 దగ్గర నిమ్మళంగా ఉండగానే, ఆ ఒక్క సిలికాన్ ముక్క 150ని తాకుతుంది. థర్మిస్టర్‌కు ఏమీ తెలియదు. ఆగడం, మొదలవడం పదే పదే జరిగితే ఇంకో నష్టం. సిలికాన్, రాగి, టంకం వేడికి సమానంగా వ్యాకోచించవు, ప్రతి విడతకూ అతుకులు కొంచెం కొంచెం అలిసిపోతాయి.

వైర్ల విషయానికి వస్తే, నన్ను అన్నిటికంటే బాధపెట్టేది బాడీ ఎర్త్, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. కారు బాడీ మీది రంగును గీకకుండానే ఎర్త్ వైరు కొసన ఉన్న రింగును బోల్టుతో బిగించేస్తారు. ఆ కీలులో ఓమ్‌లో ఇరవయ్యో వంతు, అంటే 0.05 ఓమ్ నిరోధం మిగిలితే, 50 ఆంపియర్ల దగ్గర అక్కడే 2.5 వోల్టులు పోతాయి. 125 వాట్ల వేడి ఆ బోల్టు దగ్గరే పుడుతుంది. యాంప్లిఫయర్‌కు 14.4 బదులు 11.9 వోల్టులే అందుతాయి. లోపలి వోల్టేజిని స్థిరంగా ఉంచే రకమైతే, లోటు పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. దాంతో బోల్టు దగ్గర నష్టం ఇంకా పెరుగుతుంది. ఆ కరెంటును మోసే మాస్‌ఫెట్‌ల (ఒక రకం ట్రాన్సిస్టర్ల) నిరోధం వేడెక్కేకొద్దీ పెరుగుతుంది కాబట్టి అవి కూడా ఈ చక్రంలో చిక్కుకుంటాయి. సన్నని వైరు వేసినా ఇదే కథ. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు పెట్టడం మాత్రం ప్రమాదం. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఉన్నది వైరు అంటుకోకుండా కాపాడటానికి.

ఇక్కడే ఒక మూఢనమ్మకం గురించి చెప్పాలి. బేస్ కొట్టినప్పుడల్లా దీపాలు మసకబారితే విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే కెపాసిటర్‌ను, ఒక ఫారడ్ సామర్థ్యం ఉన్నదాన్ని, తగిలిస్తే చాలంటారు. తాయెత్తు కట్టడం కూడా ఇలాంటిదే. 14.4 నుంచి 13 వోల్టులకు దిగేలోపు ఒక ఫారడ్ ఇవ్వగలిగేది దాదాపు 19 జౌళ్లు. వెయ్యి వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు అది సెకనులో యాభయ్యో వంతుకు సరిపోతుంది. గీకని రంగును, సన్నని వైరును ఆ కెపాసిటర్ బాగు చేయలేదు.

యాంప్లిఫయర్ లోపల ఉండే చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లది వేరే సమస్య. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు మన్నేది 85 దగ్గర 8000 గంటలు మన్నుతుంది. లోపలి ద్రవం ఎండేకొద్దీ వాటి నిరోధం పెరిగి అవే వేడెక్కుతాయి.

అందుకని ఈ పాఠకుడు ట్రాన్సిస్టర్లు మార్పించి యాంప్లిఫయర్‌ను మళ్లీ అదే తివాచీ కింద, అవే స్పీకర్లతో పెట్టిస్తే కొత్తవీ కాలిపోతాయి. రెక్కలు నిలువుగా ఉండి, మధ్యలోంచి గాలి పైకి పోయే చోటు చూడాలి. చానెల్‌కు ఎన్ని ఓమ్‌లు తగ్గకూడదో యాంప్లిఫయర్ మీదే రాసి ఉంటుంది. ఇంజను నడుస్తుండగా, పాట జోరుగా సాగుతుండగా, వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక కొసను యాంప్లిఫయర్ గ్రౌండ్ (ఎర్త్) స్క్రూకు, రెండో కొసను బ్యాటరీ రుణధ్రువానికి ఆనించమని బిగించేవారిని అడగండి. అర వోల్టు దాటిందంటే ఆ బోల్టు విప్పి, రంగు పోయి లోహం మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాలి.