తెల్లవారుజామున ఫ్లాప్‌ను చూసేది ఎవరు?

రెసిడెంట్ డాక్టర్ల పనిగంటలపై వాదన రేగిన ప్రతిసారీ తల, మెడ క్యాన్సర్ వార్డుల్లో ఒక పాత ప్రశ్న కూడా పైకి వస్తుంది. దవడ తీసేసి, కాలి ఫిబులా ఎముకతోనో ముంజేతి చర్మంతోనో నోటిని తిరిగి నిర్మించిన రోగిని గంటగంటకూ ఎవరు చూడాలన్నదే ఆ ప్రశ్న. ఇలా ఒంట్లో ఒకచోటి నుంచి రక్తనాళాలతో సహా తీసి మరోచోట అతికించే ఎముక, చర్మం వంటి భాగాన్నే ఫ్లాప్ అంటారు.

గంటగంటకూ చూడాలన్న వాదనకు అసలు మూలం 1978లో కుందేళ్లపై జరిగిన ప్రయోగంలో ఉంది. ఫ్లాప్‌కు రక్తసరఫరా ఆపి కొన్ని గంటల తర్వాత తిరిగి వదిలి చూశారు. తొలి గంటల్లోనే వదిలినవి బతికాయి కానీ, 12 గంటలు ఆగిన వాటిలో పెద్ద నాళం తెరుచుకున్నా ఉబ్బిపోయిన సూక్ష్మనాళాల్లోకి రక్తం ఎక్కలేదు. అంటే ఫ్లాప్ నాళంలో రక్తం గడ్డ కట్టడం కంటే దాన్ని ఆలస్యంగా గుర్తించడమే ఎక్కువ ప్రమాదం. గడ్డలు ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే కడతాయి. అందుకే మొదటి 24 గంటలూ కనీసం గంటకోసారి చూడాలని 2017 నాటి అంతర్జాతీయ సిఫారసు చెబుతోంది.

చూడటమంటే టార్చి వేసి పోవడం కాదు. నర్సు వేలితో నొక్కి వదిలితే రంగు రెండు మూడు సెకన్లలో తిరిగి రావాలి. సూదితో గుచ్చితే ఎర్రటి రక్తం నెమ్మదిగా ఊరాలి. నల్లటి రక్తం గబగబా వస్తే సిర మూసుకుందని, అసలు రాకపోతే ధమనిని అనుమానించాలని అర్థం. తెల్లని చర్మంపై స్పష్టంగా కనిపించే నీలిరంగు మన రోగుల తొడ నుంచి తీసిన ఫ్లాప్ చర్మంపై తేలిగ్గా కనబడదు కాబట్టి, ఇక్కడ చూసే చేతికి అనుభవం ఇంకా ఎక్కువ కావాలి.

సిర చుట్టూ అమర్చి రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే డాప్లర్ పరికరాన్ని 1988లో పరిచయం చేశారు. చర్మం బయటికి కనబడని లోపలి ఫ్లాపులకు అది నిజంగా పనికొస్తుంది. అయితే తీగ జారి శబ్దం ఆగినా, సిర మూసుకుందన్న అనుమానంతో రోగిని అనవసరంగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వస్తుంది. ఫ్లాప్‌లో రక్తప్రసరణ ఆగిందేమో తెలుసుకోవడానికి సూదిపోటు రక్తంలో చక్కెర ఎంత పడిపోయిందో చూసే గ్లూకోమీటర్ పద్ధతి దానికన్నా చౌక, కానీ దానికీ సూది పట్టే మనిషి కావాలి.

రెసిడెంట్లకు రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని సాధారణంగా ఉండకూడదని 1992లోనే కేంద్రం చెప్పింది. అయినా, పగలంతా ఆపరేషన్‌లో నిలబడిన, రెసిడెంట్‌గా పనిచేసే పీజీ విద్యార్థికే రాత్రి ఫ్లాప్ కాపలా కూడా అప్పగించే వార్డులు ఉన్నాయి. చార్టులో రెండు గంటల గడి, మూడు గంటల గడి, నాలుగు గంటల గడి ఒకే సిరాతో, ఒకే ఊపులో నింపినట్టు కనిపిస్తే ఉదయం రౌండ్‌లో మందలింపు ఆ విద్యార్థికే పడుతుంది. డ్యూటీ పట్టిక వేసినవారి పేరు మాత్రం ఆ చార్టులో ఎక్కడా ఉండదు.