ముందు ఖాళీ తక్కెడ చూడండి

చిట్టితల్లీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. 2025 సెప్టెంబరు 7 రాత్రి చంద్రగ్రహణం వేళ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టి, రోకలి నిలబెట్టారని రాశారు. ఎవరూ పట్టుకోకుండానే అది నిలబడిందట. గ్రహణం విడవగానే పడిపోయిందని పక్క బ్లాకు వాళ్ళు చెప్పారట. ఒక అంకుల్ అది దేవుడి మహిమ అన్నారు. ఇంకో అంకుల్ కాదు, గ్రహణంలో గురుత్వాకర్షణ పెరుగుతుంది, నాసా కూడా ఒప్పుకుంది అన్నారు. టీవీలో ఇద్దరు పెద్దమనుషులు దీని మీదే కేకలు వేసుకుంటుంటే అమ్మ కట్టేసింది. "తాతయ్యా, మేం కళ్ళారా చూశాం. మరి ఎవరు చెప్పింది నిజం?" అని బుజ్జి పెద్ద పెద్ద అక్షరాలతో అడిగాడు.

నీ కళ్ళను నేను కాదనను నాన్నా. రోకలి నిలబడింది. నేను అడిగేది ఒక్కటే. గ్రహణం లేని రోజున అది నిలబడదని ఎవరైనా చూశారా?

నా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో సరుకులు తెచ్చే పని నాదే. మా నాయనమ్మ చేతికి సంచీ ఇచ్చి, గుప్పిట్లో డబ్బులు పెట్టి, నేను గడప దాటేలోగా ఒకే మాట అనేది: "ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమను." అప్పటికి కిలోలు వచ్చేశాయి గానీ ఆవిడ లెక్కంతా పాత తూకం వీశెల్లోనే. కొట్టు పెద్దాయన మంచివాడు. నేను అడక్కముందే తక్కెడ పైకెత్తేవాడు. రెండు సిబ్బెలూ అటూ ఇటూ ఊగి, ముల్లు నిటారుగా నిలిచేదాకా ఆగేవాడు. ఆ తర్వాతే ఒక సిబ్బెలో రాళ్ళు, ఒక సిబ్బెలో కందిపప్పు. చివర్లో కొసరుగా నా చేతిలో కాసిని పుట్నాలు. పప్పు కట్టిన కాగితం పాత వారపత్రికలో పేజీ అయ్యేది. ఇంటికొచ్చాక పొట్లం విప్పి అందులో కథ చదివేవాణ్ణి. అది ఎప్పుడూ సగంలోనే తెగిపోయి ఉండేది. మిగతా సగం నేనే కల్పించి తమ్ముళ్ళకు చెప్పేవాణ్ణి. అది వేరే ఉత్తరంలో రాస్తాను.

మీ సెల్లార్‌లో ఎవరూ ఖాళీ తక్కెడ ఎత్తి చూపించలేదు. సరాసరి పప్పు తూచేశారు. గ్రహణం రోజు రోకలి నిలబెట్టడం పప్పు తూచడం లాంటిది. గ్రహణం లేని రోజు అదే రోకలిని, అదే పళ్ళెంలో, అంతే ఓపికగా నిలబెట్టి చూడటం ఖాళీ తక్కెడ ఎత్తడం. అప్పుడు కూడా నిలబడితే, ఆ నిలబడటంలో గ్రహణం వాటా ఏమీ లేదన్నమాట. సైంటిస్టులు పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో చేసే పనిలో చాలా భాగం ఇదే. మందు ఇచ్చినవాళ్ళను ఒక్కళ్ళనే చూడరు, ఇవ్వనివాళ్ళను కూడా చూస్తారు.

నేను సమాధానం చెప్పేస్తే మీకు సరదా పోతుంది గానీ, సగం చెబుతాను. రోకలి అడుగున ఇనప పొన్ను ఉంటుంది. అది గుండ్రంగా, చదునుగా ఉంటుంది. రోకలి బరువంతా ఆ పొన్ను చుట్టు లోపలికి దిగినంత సేపూ అది పడదు. నీళ్ళకూ పసుపుకూ అందులో పనేమీ లేదు. కావలసింది మట్టంగా ఉన్న నేల, వణకని చెయ్యి, కాస్త ఓపిక. మామూలు రోజున మనకు ఆ ఓపిక ఉండదు. రోకలిని గోడకు చేరేసి పోతాం. జన విజ్ఞాన వేదిక అనే సైన్సు ప్రచార సంస్థ వాళ్ళు గ్రహణం లేని రోజుల్లో నలుగురి ముందూ నిలబెట్టి చూపించారు. ఇక విడవగానే పడిపోయిందన్న మాట. మధ్యలో ఎన్ని ఇళ్ళలో పడిపోయాయో, తెల్లారేదాకా ఎన్ని ఇళ్ళలో నిలబడే ఉన్నాయో ఎవరూ వాట్సాప్‌లో పెట్టరు కదా.

రెండో అంకుల్ మాట చూద్దాం. ఆయన మాటలో సైన్స్ పదాలున్నాయి కాబట్టి సైన్స్ అనిపిస్తుంది. చంద్రుడి లాగుడు నిజమే, సముద్రంలో ఆటుపోట్లు దానివల్లే. కానీ సూర్యుడు, భూమి, చంద్రుడు ప్రతి పున్నమికీ ప్రతి అమావాస్యకీ దాదాపు ఒకే వరసలోకి వస్తారు. గ్రహణం నాడు ఆ వరస ఇంకాస్త సూటిగా ఉంటుంది, అంతే. నీడ పడినంత మాత్రాన లాగుడు పెరగదు. సముద్రాన్ని పొంగించే ఆ లాగుడు మీ రోకలి మీద ఎంతో తెలుసా? దాని బరువులో కోటి వంతులు చేస్తే ఒకటి రెండు వంతులు. రోకలి మీద ఈగ వాలినా అంతకంటే ఎక్కువే. మహిమ అన్న అంకుల్ కన్నా ఈయన మాట నాకు ఎక్కువ టెన్షన్ పెడుతుంది. మొదటాయన తన నమ్మకాన్ని నమ్మకమనే చెప్పాడు. రెండో ఆయన దానికి నాసా చీటీ అంటించాడు. ఈ కాలంలో నమ్మకాలు ఎక్కువగా ఈ వేషంలోనే వస్తున్నాయి. రేడియేషన్, వైబ్రేషన్, ఎనర్జీ అన్న మాటలు వినపడగానే తక్కెడ ఎత్తమనండి.

తక్కెడలో ఇంకో కిటుకుంది. కొన్ని కొట్లలో సిబ్బె అడుగున చింతపండు ముద్ద అంటిస్తారని మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. అందుకే నాయనమ్మ సిబ్బె తిరగేసి చూడమనేది, ఒక్కోసారి రాళ్ళు ఇటూ పప్పు అటూ మార్చి తూచమనేది. మన మనసు అడుగున కూడా అలాంటి చింతపండు ఉంటుంది తల్లీ. మనకు ఏది నిజమైతే బాగుంటుందో అటు ముల్లు వాలుతుంది. భయం చింతపండే. మా తాతలు చెప్పారన్న అభిమానం చింతపండే. ఎదుటివాడు మూర్ఖుడని రుజువు చేయాలన్న ఆత్రం కూడా చింతపండే. టీవీలో అరిచిన ఇద్దరి తక్కెడలకూ అది అంటుకునే ఉంది. ఒకాయన మాట నిజానికి దగ్గర, ఒకాయన మాట దూరం, ఆ తేడా ఉంది. ఇద్దరూ సమానమని నేననను. కానీ నిజం చేతిలో ఉన్నవాడు దాన్ని రాయిలా విసిరితే వినేవాడు తల కాచుకుంటాడు గానీ వినడు.

చిట్టీ, నువ్వు ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో రాసిన సంగతి నాకు రోకలి కంటే పెద్దదిగా కనిపించింది. మూడో అంతస్తు ఆంటీ ఎనిమిది నెలల గర్భిణి. మధ్యాహ్నం నుంచే అన్నం పెట్టలేదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. రాత్రి పొద్దుపోయేదాకా చీకటి గదిలో కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారు. కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందన్నారు.

రోకలి నిలబడితే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ నష్టం ఉంది. కడుపులో బిడ్డకు పై పెదవి కలుసుకునేది నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య. ఎనిమిదో నెలలో ఏ గ్రహణం వచ్చినా కలిసిపోయిన పెదవిని చీల్చలేదు. ఆ సంవత్సరం గ్రహణమే కనపడని దేశాల్లోనూ మొర్రితో బిడ్డలు పుడతారు. ఆపరేషన్‌తో దాన్ని చక్కగా సరిచేస్తారు కూడా. అయినా అలాంటి బిడ్డ పుడితే మన ఊళ్ళలో మొదట అడిగే ప్రశ్న "గ్రహణం నాడు ఏం చేశావమ్మా?" అని. తల్లి ఏ తప్పూ చేయలేదు. జీవితాంతం చేశాననుకుంటుంది. ఇది నాకు కోపం తెప్పిస్తుంది, దాచుకోను.

మన విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గారు, సరస్వతీ గోరా గారు ఈ భయాన్ని ఎదుర్కొన్నారు. సరస్వతి గారు గర్భిణిగా ఉన్నప్పుడే గ్రహణం వేళ బయట తిరిగారు. మాట కన్నా అది గట్టి జవాబు. గోరా గారు వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు. దేవుణ్ణి నమ్మరు. గాంధీగారు నమ్ముతారు. 1944లో గాంధీగారి సేవాగ్రాం ఆశ్రమంలో కలిశాక ఇద్దరూ చాలాసార్లు వాదించుకున్నారు. ఒకరి మాటకు ఒకరు లొంగలేదు. కానీ గోరా గారి పెద్దమ్మాయికీ, అప్పట్లో అంటరానివాళ్ళంటూ సమాజం దూరం పెట్టిన కులానికి చెందిన అబ్బాయికీ పెళ్ళి ఆశ్రమంలో చేయడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి మాట వద్దంటే సరేనన్నారు. ఆ పెళ్ళికి ఆయన లేరు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. మార్చిలో ఆ ఆశ్రమంలోనే పెళ్ళి జరిగింది. వాదన అంటే ఇలా ఉండాలని నాకు అనిపిస్తుంది. దేవుడున్నాడా లేడా అన్నచోట వాళ్ళు కలవలేదు, మనిషిని అంటరానివాణ్ణి చేయకూడదన్నచోట కలిశారు.

బుజ్జీ, మీ సోషల్ పుస్తకంలో ప్రాథమిక విధులని ఉంటాయి చూడు. రాజ్యాంగంలో 51ఏ అధికరణం, 1976లో చేర్చారు. అందులో శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, తెలుసుకోవాలన్న తపన, సంస్కరణ భావం, నాలుగూ ఒకే వాక్యంలో ఉన్నాయి. పరీక్ష కోసం బట్టీ పడతావు సరే. ఆంటీకి ఆ రాత్రి ఒక గ్లాసు నీళ్ళు ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ వాక్యం మొత్తం పాటించినట్టయ్యేది.

పంచాంగం అంతా తప్పేనా అంటారేమో. కాదు. గ్రహణం పట్టే నిమిషం, విడిచే నిమిషం లెక్కగట్టి చెప్పగలిగారంటే అది మన పెద్దల గణితం గొప్ప. గ్రహణం నీడల వల్లేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు. టైము చెప్పింది లెక్క. భయం ఆ లెక్కలో ఎక్కడా లేదు, పక్కన ఎవరో చేర్చారు. చింతామణి రఘునాథాచారి అని మద్రాసులో ఆకాశాన్ని పరిశీలించే వేధశాలలో పనిచేసిన ఆయన ఒకరుండేవారు. పంచాంగకర్తల కుటుంబం. పంచాంగం లెక్కను ఆకాశంతో సరిచూసి దిద్దుకోవాలని ఆయన పట్టుబట్టారు. నాయనమ్మ చెప్పిన తక్కెడే అది! 1868 ఆగస్టు 18న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది. ఆయన వనపర్తి వెళ్ళి చూశారు. జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్సు నుంచి ఓడెక్కి మన గుంటూరుకు వచ్చారు. సూర్యుడి కాంతిని రంగులుగా విడదీసే పరికరం ఆయన దగ్గరుంది. ఆ గ్రహణంలో చాలామందికి ఒక పసుపు గీత కనపడింది. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ ఆ గీత సరిపోలేదు. ఇంగ్లండులో లాకియర్ దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895 దాకా అది భూమ్మీద ఎవరి చేతికీ చిక్కలేదు. గాల్లోకి లేచే కొన్ని బెలూన్లలో నింపేది అదే. జనం తలుపులు మూసుకుని కూర్చునే ఆ కొద్ది నిమిషాల్లోనే, మా గుంటూరు ఆకాశంలో! సూర్యుడిలో ఒక పదార్థాన్ని ముందు చూసి, తర్వాత ఎప్పటికో నేల మీద వెతికి పట్టుకున్నారన్న మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని ఇంతకంటే విడమరిచి చెప్పడం నావల్ల కాదు.

సూర్యగ్రహణాన్ని మాత్రం ఉత్త కళ్ళతో చూడకండి, గ్రహణానికి తయారు చేసిన కళ్ళద్దాలు ఉండాల్సిందే. అది ఒక్కటే నిజమైన జాగ్రత్త. చంద్రగ్రహణానికి ఏమీ అక్కర్లేదు. 2026 మార్చి 3 సాయంత్రం, సూర్యుడు అస్తమించే వేళకు తూర్పున చంద్రుడు గ్రహణంతోనే పైకొస్తాడు. ఏడు లోపే విడిచిపోతుంది కాబట్టి ముందే టెర్రస్ ఎక్కండి. చంద్రుడి మీద నీడ అంచు ఏ ఆకారంలో ఉందో కాగితం మీద గీసి, పక్కన టైము వేసి నాకు పంపండి. అది మన భూమి నీడ. మీరు, నేను, మీ సెల్లార్, సముద్రాలు, అన్నీ కలిపి పడిన నీడ. ఆంటీకి అప్పటికి బిడ్డ చేతికొచ్చి ఉంటుంది, ఇష్టమైతే పైకి రమ్మనండి, బలవంతం చేయొద్దు. తూర్పున వాటర్ ట్యాంకు అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో ముందు రోజే చూసి పెట్టుకోండి.

మీ
తాతయ్య