పావురం కంటికి ఏది తెలుపు?

ఇంగ్లండులో స్థిరపడిన ఒక పాఠకుడు ఈ ప్రశ్న పంపారు. ఆయన ఇంటి వెనుక పొలంలో ఆవాల కుటుంబానికి చెందిన ఆయిల్‌సీడ్ రేప్ పంట వేస్తారట. చలికాలంలో వుడ్‌పిజియన్ అనే అడవి పావురాలు మందలుగా వాలి లేత ఆకులను ఈనెలు మిగిలేలా తినేస్తుంటే, వాటిని తుపాకీతో కాల్చడానికి వచ్చినవారు చేలో ప్లాస్టిక్ పావురాలను నిలబెట్టి, గట్టున వలతెర చాటున కూర్చుంటారు. పైన తిరుగుతున్న పావురాలు బొమ్మలను చూసి దిగబోతాయి, కానీ ఇంకా దూరంగా ఉండగానే ఒక్కసారిగా పక్కకు మళ్ళిపోతాయి. "బొమ్మలు మా కంటికి అచ్చం పావురాల్లాగే ఉన్నాయి, మరి వాటికి ఎలా తెలిసిపోతోంది?" అని ఆయన అడిగారు. జవాబు ఆ ప్రశ్నలోని "మా కంటికి" అన్న మాటలోనే ఉంది.

తోటి ప్రాణులను రప్పించడానికి వేటగాడు నిలబెట్టే పిట్టను, లేడిని మన పాత తెలుగులో దీమం అనేవారు. ఆ దీమం ప్రాణమున్నది కనుక దానికి రంగు వేయవలసిన అవసరం రాలేదు. ప్లాస్టిక్ దీమం సంగతి వేరు. దాని మీద పడిన వెలుగు ఎలా తిరిగి వస్తుందన్నదే అసలు సమస్య.

ముందుగా మెరుపు సంగతి చూద్దాం. నున్నని ప్లాస్టిక్ మీద వెలుగు నిటారుగా పడితే సుమారు 4 శాతం అద్దంలో లాగా తిరిగి వస్తుంది. వెలుగు బాగా ఏటవాలుగా, అంటే నిటారు గీతకు 80 డిగ్రీల కోణంలో, పడితే ఆ వాటా దాదాపు 39 శాతానికి పెరుగుతుంది. ఇంగ్లండు చలికాలపు సూర్యుడు మధ్యాహ్నం కూడా ఆకాశంలో కిందనే ఉంటాడు. నిటారుగా పడినప్పటి 4 శాతమే తీసుకున్నా, సూర్యబింబపు కాంతి అంత తీవ్రమైనది కాబట్టి బొమ్మ వీపు మీది ఆ చుక్క చుట్టూ ఉన్న బూడిదరంగు కంటే వేల రెట్లు ప్రకాశవంతంగా ఉంటుంది. పైగా బొమ్మ వీపు ఉబ్బెత్తు అద్దం వంటిది. పావురం ఎగురుతూ చోటు మారే కొద్దీ ఆ చుక్క వీపు మీద జారుతుంది, ఒకే వైపుకు తిప్పి పెట్టిన ఇరవై బొమ్మల మీదా ఒకేసారి, ఒకే దిశలో జారుతుంది. మేత మేసే ఏ మందలోనూ అలాంటి దృశ్యం ఉండదు. మంచు కరిగి బొమ్మ తడిసిందంటే ఈ దోషం ఇంకా పెరుగుతుంది.

అసలు పావురం ఇలా మెరవదు. దాని ఈకలోని సన్నని పోగులు వెలుగును నలువైపులా చెదరగొడతాయి, వాటి మీద మెత్తని పొడి కూడా ఉంటుంది. హైదరాబాదు అపార్టుమెంట్లలో కిటికీ అద్దానికి పావురం గుద్దుకున్నప్పుడు రెక్కలు విప్పిన తెల్లటి ముద్ర పడుతుంది కదా, అది ఆ పొడే. దాన్ని చూసి అరిష్టమని భయపడేవారున్నారు. దగ్గరకు వెళ్ళి చూస్తే ఒక్కొక్క ఈక అంచు కూడా తెలిసేంత చక్కని చిత్రం అది, అందులో శకునం ఏమీ లేదు. బొమ్మ మీద పొట్టి నైలాన్ నూగు అతికించడం ఈ ఈకల గుణాన్ని అనుకరించడానికే. నూగు లేని బొమ్మకు కనీసం మెరుపు లేని మ్యాట్ రంగు వేయాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్న విషయం తెలుపు. అడవి పావురానికి మెడ పక్కన తెల్లని మచ్చ, రెక్క మీద తెల్లని పట్టీ ఉంటాయి. ముడిచిన రెక్క అంచున ఆ పట్టీ సన్నని గీతగా మాత్రమే కనబడుతుంది. బొమ్మ మీద ఈ గుర్తులను తెల్ల పెయింటుతో దిద్దుతారు, ఆ పెయింటుకు తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. మనకు కనిపించే కాంతినంతా అది చక్కగా వెదజల్లుతుంది, కానీ ఇంచుమించు 400 నానోమీటర్ల దిగువన ఉన్న అతినీలలోహిత కాంతిని పీల్చేసుకుంటుంది. ఎండ తగలకుండా చర్మానికి పూసుకునే క్రీముల్లో దాన్ని కలిపేది ఇందుకే. ఈకలోని తెలుపులో రంగు పదార్థమే ఉండదు. ఈకకు మూలపదార్థమైన కెరటిన్ అనే ప్రొటీన్, దాని మధ్య చిక్కుకున్న గాలి కలిసి, సబ్బు నురగలో లాగా, అతినీలలోహితంతో సహా అన్ని కాంతులనూ చెదరగొడతాయి.

మన కంట్లో రంగు చూసే శంకు కణాలు మూడు రకాలు. పావురానికి నాలుగు. ప్రతి కణంలోనూ ఒక నూనె బొట్టు ఉండి రంగుటద్దంలా పనిచేస్తుంది. నాలుగో రకం కణంలోని బొట్టు మాత్రం పారదర్శకం, దాని గుండా అతినీలలోహితం లోపలికి వెళుతుంది. కాబట్టి ఈక తెలుపు పావురం నాలుగు కణాలనూ కదిలిస్తే, పెయింటు తెలుపు మూడింటిని కదిలించి, నాలుగోదాన్ని అంతగా కదిలించదు. మనకు నీలం తీసేసిన తెలుపు పసుపుగా కనిపించినట్టు, దానికి ఆ పెయింటు ఏదో ఒక రంగుగా కనిపించాలి. ఆ రంగుకు మన భాషలో పేరు లేదు. తెలుపు అంటే అన్ని రంగుల కలయిక అని బడిలో చెబుతాము, ఎవరి కంటికి అన్ని రంగులు అన్నది పిల్లలకు చెప్పము. ఆ ఒక్క వాక్యం చేర్చితే పాఠానికి ఎంతో బలం వస్తుంది.

రెక్క పట్టీకి ఇంకో గుణముంది. వాలే పావురమూ దాన్ని చూపుతుంది, బెదిరి లేచే పావురమూ చూపుతుంది. 1984లో ఇంగ్లిస్, ఐజాక్సన్ అనే పరిశోధకులు రకరకాల భంగిమల్లో దీమపు పావురాలను నిలబెట్టి, అడవి పావురాలను అన్నిటికంటే ఎక్కువగా బెదరగొట్టే భంగిమ కోసం వెతికారు. ఒకే గుర్తు పిలుపూ కాగలదు, హెచ్చరికా కాగలదు. అందుకే 12 వోల్టుల బ్యాటరీతో చనిపోయిన పావురాలను రెక్కలు విప్పి గిరగిర తిప్పే యంత్రం దూరం నుంచి మందను రప్పించినా, కదలకుండా నేల మీద రెక్కలు పరిచిన పావురం దగ్గరకు వచ్చినవాటిని వెనక్కి పంపవచ్చు. తల నేలకు వంచిన భంగిమ మేతకు గుర్తు. తలలెత్తిన మంద అపాయాన్ని సూచిస్తుంది.

ఆ పాఠకుడు పొరుగువారికి చెప్పదగిన పని ఒకటుంది. బొమ్మల మీది తెల్ల పెయింటును గీకేసి, వేటలో పడిన పావురం రెక్క నుంచి తీసిన తెల్ల ఈకలనే అక్కడ అతికించడం మేలు. బొమ్మలను బట్టల సబ్బుపొడితో మాత్రం కడగకూడదు, అందులో చాలావాటిలో కలిపే తెలుపు పెంచే రసాయనం అతినీలలోహితాన్ని పీల్చి నీలి వెలుగుగా మారుస్తుంది. చీకటి పడ్డాక నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి వేసి చూస్తే, ఉతికిన తెల్ల చొక్కా వెలిగినట్టే ఆ బొమ్మలూ వెలగవచ్చు.