అమెరికా మంత్రి మాట, ఆదోని పిల్లల సూది: టీకాలపై అపోహలు – వాస్తవాలు

ఆదోని వైపు ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. మాకు బుధవారం, శనివారం టీకాల రోజులు. టీకా వద్దనేవాళ్లు మాకేం కొత్త కాదు. "సూదేస్తే రాత్రంతా జ్వరమొస్తాది మేడమ్, పొద్దున్నే కూలికి పోవల్ల", "మా అత్త వద్దంటాంది", "సుగ్గికి (కూలి పనులకు వలస) పోతాండాం, వచ్చినంక ఏపిస్తాం". వీటికి మా ఏఎన్ఎంల దగ్గర, ఆశాల దగ్గర జవాబులున్నాయి. ఇప్పుడొస్తున్న మాట వేరు. డిగ్రీ చదివిన తండ్రి ఫోన్ తీసి వీడియో చూపిస్తాడు. కింద తెలుగు అక్షరాలు, వెనక గుండెలదిరే సంగీతం. "అమెరికా ఆరోగ్య మంత్రే చెప్తాండాడు కదా మేడమ్" అంటాడు. ఆ మంత్రి పేరు రాబర్ట్ ఎఫ్. కెనెడీ జూనియర్.

ఆ వీడియోల్లో తిరిగే మాటలకు నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఆయన చెప్పేవాటిలో చాలావరకు ఎక్కడో ఒక చిన్న నిజం దాగి ఉంటుంది. జనం నమ్మేది దాన్ని చూసే. ఆ నిజాన్ని ఒప్పుకోకుండా "అంతా అబద్ధం పో" అని కసిరితే, తర్వాతి బుధవారం ఆ తల్లి రాదు.

అపోహ: అంత పెద్దింటి మనిషి, పైగా మంత్రి. తెలియకుండా మాట్లాడతాడా?

ఇంటిపేరుకు ఎంత బలముంటుందో రాయలసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈయన పెదనాన్న జాన్ ఎఫ్. కెనెడీ అమెరికా అధ్యక్షుడు, 1963లో హత్యకు గురయ్యారు. తండ్రి సెనేటర్ రాబర్ట్ కెనెడీ. అధ్యక్ష పదవికి పోటీ పడుతుండగా 1968లో ఆయన్నీ కాల్చి చంపారు. కొడుకు చదివింది లా. నదుల్ని పాడుచేసే కంపెనీల మీద కోర్టుల్లో కొట్లాడి పేరు తెచ్చుకున్నారు, మంచి పనే. డాక్టరు కాదు, పరిశోధకుడూ కాదు. 2005లో టీకాల మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. అందులో తప్పులు బయటపడుతూ వచ్చి, దాన్ని ప్రచురించిన సలోన్ అనే వెబ్ పత్రిక 2011లో వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత టీకాల వ్యతిరేక సంస్థ చిల్డ్రన్స్ హెల్త్ డిఫెన్స్‌కు ఏళ్ల తరబడి నాయకత్వం వహించారు. 2025 ఫిబ్రవరిలో సెనేట్ 52–48 ఓట్లతో మంత్రిని చేసింది. అధికార పార్టీలో ఆయనకు వ్యతిరేకంగా ఓటేసింది ఒక్క మిచ్ మెకానెల్. చిన్నప్పుడు పోలియో సోకిన మనిషి ఆయన.

ఇంటిపేరే ప్రమాణమైతే ఆ ఇంట్లో మిగతావాళ్ల మాటా వినాలి కదా. పిల్లల టీకాలకు కేంద్ర నిధులిచ్చే చట్టం మీద 1962లో సంతకం పెట్టింది ఆ పెదనాన్నే. 2019లో సొంత అక్క, అన్న, మేనకోడలు కలిసి, టీకాల విషయంలో మావాడు చెప్పేది తప్పు అని పత్రికలో రాశారు. మంత్రి అయ్యాక కెనెడీ, అమెరికాలో టీకాలపై సలహాలిచ్చే కమిటీలోని 17 మంది నిపుణుల్నీ 2025 జూన్‌లో ఒక్కసారే తీసేశారు. పదవి ఉంటే అంత పని చేయొచ్చు. పదవి వచ్చినంత మాత్రాన తట్టు వైరస్ స్వభావం మారదు. మన పిల్లలకు ఏ టీకా ఎప్పుడు వేయాలో సలహా ఇచ్చేది మన దేశ నిపుణుల బృందం ఎన్‌టాగీ. దానికీ ఆయనకూ సంబంధం లేదు.

అపోహ: ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాతో ఆటిజం వస్తుంది.

1998లో ఇంగ్లండ్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ మాట మొదలైంది. చూసింది 12 మంది పిల్లల్ని. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని రద్దు చేసింది, అదే ఏడాది ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్లపాటు గమనించి 2019లో ఫలితం చెప్పారు: టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు.

మరి తల్లులకు ఎందుకలా అనిపిస్తుంది? మన దగ్గర ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16–24 నెలల మధ్య. పేరు పిలిస్తే తిరిగి చూడకపోవడం, వేలుపెట్టి చూపించకపోవడం, మాటలు రాకపోవడం ఇంట్లోవాళ్లు గమనించేది కూడా ఆ వయసులోనే. సూది వేయించింది గుర్తుంటుంది, మార్పు కళ్ల ముందుంటుంది. రెంటినీ ముడిపెట్టిన తల్లిని నేనెప్పుడూ తప్పుపట్టను. ఆ అనుమానం ఉంటే వీడియోలు చూస్తూ కూర్చోకుండా జిల్లా ఆసుపత్రిలో ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే సత్వర చికిత్స కేంద్రానికి తీసుకుపొండి. ఎంత తొందరగా పోతే అంత మేలు.

అపోహ: టీకాలో పాదరసం కలుపుతారు.

ఇక్కడి చిన్న నిజం థయోమెర్సాల్. ఒకే సీసాలోంచి చాలామందికి తీసే టీకాలు చెడకుండా అతి కొద్దిగా కలుపుతారు. ఐదు జబ్బులకు కలిపి వేసే మన పెంటావాలెంట్‌లో ఉంది, ఎంఆర్‌లో లేదు. అది ఇథైల్ పాదరసం, ఒంట్లోంచి త్వరగా పోతుంది. చేపల్లో పేరుకుని నరాల్ని దెబ్బతీసేది మిథైల్ పాదరసం, అది వేరే పదార్థం. 2001 నాటికి అమెరికాలో పిల్లల టీకాల్లోంచి థయోమెర్సాల్‌ను దాదాపు పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత కూడా అక్కడ ఆటిజం లెక్క పెరుగుతూనే పోయింది.

అపోహ: పోలియో చుక్కలవల్ల మన దేశంలో 4.9 లక్షల మంది పిల్లల కాళ్లు చచ్చుబడిపోయాయి.

ఇది నేరుగా మన మీద వేసిన నింద కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. 2020లో కెనెడీ బిల్ గేట్స్‌ను తిడుతూ పెట్టిన పోస్టులో ఈ అంకె ఉంది. ఆ లెక్క ఎలా తయారవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే అందులో కొన్ని కాగితాలు నాలాంటి డాక్టర్లు నింపినవే.

15 ఏళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో మెత్తబడితే, కారణం ఏదైనా సరే, వెంటనే పైకి తెలపాలి. దీన్ని ఏఎఫ్‌పీ అంటాం. నరాల్ని దెబ్బతీసే గిలియన్ బారే జబ్బు, వెన్నుపాము వాపు, అన్నీ ఇందులోకే వస్తాయి. ఊర్లో ఆర్ఎంపీ పిర్రకు సూది పొడిచినప్పుడు నరం దెబ్బతిని కాలు ఈడుస్తున్న పిల్లాడు కూడా ఈ లెక్కలోకే వస్తాడు. కేసు తెలియగానే ఇంటికి పోతాం. మెత్తబడిన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు మలం నమూనా తీయాలి. డబ్బాల మీద పేరు, తేదీ రాసి, ఐస్ ప్యాకుల మధ్య పెట్టి ల్యాబుకు పంపాలి. తల్లికి వింతగా ఉంటుంది: "కాలు చూడమంటే దొడ్డికి కూర్చోబెట్టమంటారేంది మేడమ్?" పోలియో వైరస్ దొరికేది అందులోనే మరి.

నమూనాలో పోలియో లేకపోతే ఆ కేసు 'పోలియో కాని ఏఎఫ్‌పీ'. లక్ష మంది పిల్లలకు ఏటా ఇలాంటివి కనీసం ఇన్ని దొరకాలని లక్ష్యం పెడతారు. దొరక్కపోతే మేం సరిగా వెతకడం లేదని అర్థం. పోలియో చివరి దశలో మన దేశం విపరీతంగా వెతికింది కాబట్టి అంకె పెరిగింది. లక్షకు ఇద్దరికి మించి దొరికిన ప్రతి బిడ్డనూ చుక్కల బాధితుడిగా లెక్కగడితే వచ్చిందే ఆ 4.9 లక్షలు. పోలీసులు గస్తీ పెంచితే కేసులు ఎక్కువ నమోదయ్యాయని, దొంగతనాలు పోలీసులే చేశారన్నట్టుంది.

అసలు పోలియో లెక్క చూడండి. 2009లో మన దేశంలో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒక్కటే. జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో వచ్చిన ఆ కేసే చివరిది. 2014 మార్చి 27న పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది.

ఇందులో ఒప్పుకోవాల్సిన నిజమూ ఉంది. చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. టీకాలు సరిగా అందని చోట అది ఒకరినుంచి ఒకరికి పాకుతూ, అరుదుగా, మళ్లీ బలం పుంజుకుని పక్షవాతం తెస్తుంది. ఈ సంగతి ఎవరూ దాచలేదు. అందుకే 2016 ఏప్రిల్‌లో చుక్కల్లోంచి రెండో రకం వైరస్‌ను తీసేశారు, చంపిన వైరస్‌తో చేసే ఐపీవీ సూదిని కలిపారు. 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు మీ బిడ్డ చేతి మీద చర్మంలోకి చిన్న బుడిపెలా వేసేది అదే.

అపోహ: ఖమ్మంలో ఆడపిల్లల మీద టీకా ప్రయోగం చేసి చంపేశారు.

2020లో కెనెడీ పెట్టిన అదే పోస్టులో ఇదీ ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో పాథ్ అనే సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపింది. ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు, 2010లో ప్రాజెక్టు ఆపేశారు. విచారణలో తేలిన కారణాలు: ఒకరు క్వారీ నీళ్లలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియాతో. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత కచ్చితంగా తేలకపోయినా, టీకాకు ముడిపెట్టే ఆధారం దొరకలేదు.

కానీ అక్కడ జరిగిన తప్పు చిన్నది కాదు. హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల్ని అడక్కుండా వార్డెన్ల సంతకాలతో కానిచ్చేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. నా దృష్టిలో ఆ సంతకాలు టీకాలకు చేసిన చేటు ఏ వీడియో చేయలేదు. గిరిజన పిల్లలు కాబట్టే అడగలేదన్న కోపం న్యాయమైనది. ఆ కోపం సంతకాలు పెట్టినవాళ్ల మీద, పెట్టించినవాళ్ల మీద ఉండాలి.

అపోహ: తట్టు మామూలుదే, అమ్మవారు వచ్చి పోతుంది. విటమిన్ ఏ చాలు.

వేపాకు కట్టండి, అమ్మవారికి మొక్కుకోండి, నేను అడ్డు చెప్పను. బిడ్డకు తిండి, నీళ్లు, పాలు మాత్రం ఆపొద్దు. ఆయాసం వచ్చినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి రండి. తట్టుతో న్యుమోనియా వస్తుంది. ఒంటికి అంతకుముందున్న రోగనిరోధక జ్ఞాపకాన్ని కూడా అది చెరిపేస్తుంది, కోలుకున్న బిడ్డ నెలల తరబడి వేరే జబ్బులకు దొరికిపోతాడు. ఎప్పుడో ఏళ్ల తర్వాత మెదడును తినేసే ఎస్ఎస్‌పీఈ అరుదే, కానీ వస్తే మందు లేదు.

విటమిన్ ఏ మాట పూర్తిగా తప్పు కాదు. తట్టు వచ్చిన బిడ్డకు వయసును బట్టి వరుసగా రెండు రోజులు మేమే ఇస్తాం. అది వచ్చిన జబ్బు తీవ్రతను తగ్గించేది, రాకుండా ఆపేది కాదు. 2025లో టెక్సాస్‌లో తట్టు చెలరేగినప్పుడు కెనెడీ విటమిన్ ఏ, కాడ్ లివర్ ఆయిల్ గురించి తెగ మాట్లాడారు. అక్కడి ఆసుపత్రిలో కొందరు పిల్లలకు విటమిన్ ఏ ఎక్కువై కాలేయం దెబ్బతిన్న లక్షణాలు కనిపించాయి. టీకా వేసుకోని ఇద్దరు బడిపిల్లలు తట్టుతో చనిపోయారు. ఆ ఏప్రిల్‌లో తట్టు పాకకుండా ఆపడానికి అన్నిటికన్నా మెరుగైన దారి ఎంఎంఆర్ టీకాయేనని ఆయనే పోస్టు పెట్టారు. ఆ పోస్టుకు మాత్రం తెలుగు అక్షరాలు వేసి ఎవరూ పంపడం లేదు.

సమోవా సంగతీ చెప్పాలి. పసిఫిక్‌లో సుమారు 2 లక్షల జనాభా ఉన్న చిన్న దేశం. 2018లో నర్సులు ఎంఎంఆర్ పొడిలో నీటికి బదులు పొరపాటున ఆపరేషన్లలో కండరాలు సడలించడానికి వాడే మందు కలిపారు, ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. ప్రభుత్వం నెలల తరబడి టీకా ఆపేసింది, జనం నమ్మకం కుప్పకూలింది. 2019 జూన్‌లో కెనెడీ అక్కడికి వెళ్లి ప్రధానిని, టీకా వ్యతిరేకుల్ని కలిశారు. ఆ ఏడాది చివర్లో తట్టు వచ్చింది. 5,700కు పైగా కేసులు, 83 మరణాలు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలు. పిల్లలు చనిపోతూ ఉండగానే కెనెడీ ప్రధానికి లేఖ రాసి, తప్పు టీకాదేమో చూడమన్నారు. డిసెంబరులో రెండు రోజులు ప్రభుత్వ కార్యాలయాలు మూసేశారు. టీకా పడనివాళ్లున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమని చెప్పి, ఇంటింటికీ తిరిగి సూదులు వేశారు. సమోవా విషాదం మొత్తం ఆయన తలకే చుట్టడం న్యాయం కాదు. మొదటి తప్పు నర్సులది, రెండోది ఆపేసిన ప్రభుత్వానిది. నమ్మకం విరిగిన చోటికి వెళ్లి ఇంకాస్త విరిచినవాళ్లలో మాత్రం ఆయనున్నారు.

మన సెషన్‌లో ఎంఆర్ ఎలా కలుపుతారో మీరే దగ్గరుండి చూడండి, ఏఎన్ఎం ఏమీ అనుకోదు. పొడి సీసా, దానితోపాటు అదే కంపెనీ ఇచ్చిన ద్రావణం. రెండూ చల్లగా ఉండాలి. కలిపిన టైము సీసా మీద రాస్తుంది, నాలుగు గంటలు దాటితే మిగిలింది పారేస్తుంది. టైము రాయకపోతే అడగండి.

అపోహ: ఏ టీకానూ ఉత్తుత్తి మందుతో పోల్చి పరీక్షించలేదు.

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్‌నే తీసుకోండి. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లల్లో కొందరికి టీకా, కొందరికి ఉత్త ద్రావణం ఇచ్చి చూశారు. తీవ్రమైన రోటా విరేచనాలు సగానికి పైగా తగ్గాయి. 2016లో దీన్ని ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి. ఒకసారి పనిచేసే టీకా ఉన్నాక, కొత్తదాన్ని పరీక్షించడానికి కొందరు పిల్లల్ని ఏ రక్షణా లేకుండా వదిలేయడం అన్యాయం కాబట్టి, అప్పుడు పాతదానితోనే పోలుస్తారు. ఆ రెండో సంగతిని పట్టుకుని మొదటిదే జరగలేదంటున్నారు.

జ్వరం, సుగ్గి

పెంటావాలెంట్‌తో జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది. నిజమే. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఏఎన్ఎం ఇచ్చే పారాసెటమాల్ చెప్పిన మోతాదులో వేయండి, తొడకు కాపడం పెట్టొద్దు, నూనె రుద్దొద్దు. సూది వేశాక అరగంట అక్కడే కూర్చోమనేది, అరుదుగా వచ్చే తీవ్రమైన అలర్జీ అయితే మా కళ్ల ముందే చూసుకోవడానికి.

మా ఆదోని, కోసిగి, కౌతాళం వైపు పిల్లలకు డోసులు తప్పేది ఎక్కువగా కెనెడీ వల్ల కాదు, సుగ్గి వల్ల. గుంటూరు మిరప చేలకో, తెలంగాణ పత్తి చేలకో పోయేటప్పుడు టీకా కార్డు ఇక్కడే ట్రంకుపెట్టెలో ఉండిపోతుంది. పోయేముందు కార్డు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా నమోదు యూ-విన్‌లో బిడ్డ పేరు ఎక్కిందో లేదో ఏఎన్ఎంని అడగండి. అక్కడి ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా డబ్బు లేకుండా వేస్తారు. మధ్యలో డోసు తప్పితే మొదటినుంచీ వేయక్కర్లేదు, ఆగినచోటి నుంచి వేస్తారు. ఎంఆర్ ఐదేళ్లు నిండేవరకు, డీపీటీ ఏడేళ్లు నిండేవరకు వేయించుకోవచ్చు. "టైము దాటిపోయింది, తిడతారేమో" అని ఇంట్లో కూర్చోవద్దు.