పిండికట్టు మణికట్టుకే, వేళ్లకు కాదు

అమలాపురం దగ్గర్నుంచి ఒక పాఠకురాలు అడిగారు: తడి అరుగు మీద జారి, చెయ్యి ఆనించి పడ్డారట. ఆరు వారాలకు పిండికట్టు తీశారు. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతికింది. మరి గుప్పిట ఎందుకు బిగియడం లేదు?

ఇలా మణికట్టు దగ్గర ఎముక విరగడాన్ని 1814లోనే, ఎక్స్‌రేలు రాకముందే, ఐర్లండ్ సర్జన్ అబ్రహాం కోలెస్ వర్ణించాడు. సరిగ్గా కూర్చి కదలకుండా ఉంచితే ఎముక చాలావరకు తన పని తను చేసుకుపోతుంది. చిక్కంతా చేతిలో చేరి వాపు తెచ్చే నీటితోనే.

డెల్టా రైతుకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ధవళేశ్వరం నుంచి పంట కాలువలో నీళ్లు రావడం ఒక ఎత్తు, చేలోంచి మురుగు కాలువలోకి దిగడం ఇంకో ఎత్తు. చేతిలోకి రక్తాన్ని గుండె జోరుగా నెడుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు సిరలకు, కణజాలంలో మిగిలిన నీటిని తోడే లింఫు నాళాలకు ఆ తోపు పెద్దగా అందదు. గుప్పిట బిగించినప్పుడల్లా కండరాలు వాటిని పిండుతాయి. సముద్రపు పోటు ఎక్కకుండా మురుగు కాలువ చివర పెట్టే తలుపుల్లా, లోపలి కవాటాలు వెనక్కి రానివ్వవు. వేళ్లు ఆగాయా, మురుగు దిగదు. పల్లపు చేను ముందు మునిగినట్టు, వేలాడేసిన చేతిలో వేళ్లు ముందు ఉబ్బుతాయి. చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టమనేది అందుకే. నిలిచిన ఆ నీటిలో ప్రొటీన్లు ఒండ్రులా మిగులుతాయి. తర్వాత స్నాయువుల (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల) చుట్టూ, కీళ్ల పొరల్లో పీచు కణజాలం గుర్రపుడెక్కలా అల్లుకుంటుంది. అప్పుడిక పూడిక తీయాలంటే నెలల పని.

“కదిపితే అతుకు ఊడుతుంది” అని ఇంట్లో పెద్దలు భయపెడతారు. నల్లేరు పచ్చడి పెడితే తినండి, బాగుంటుంది. వేళ్లు కదపొద్దంటే మాత్రం వినకండి. డాక్టర్ వద్దంటే తప్ప మొదటి రోజు నుంచే కదపాలి. కట్టు కూడా అరచేతిలో వేళ్లకు దగ్గరగా ఉండే గీత దాటకూడదు. దాటితే వేళ్ల మొదళ్లు వంగవు. ఆ కీళ్ల పక్కనుండి ఎముకను ఎముకకు కట్టి ఉంచే బంధనాలు వేళ్లు చాచినప్పుడు వదులుగా, వంచినప్పుడు బిగువుగా ఉంటాయి. వారాల తరబడి చాచే ఉంచితే అవి కురచబడిపోతాయి. ఇక గుప్పిట పట్టదు.

బొటనవేలు తప్ప ఒక్కో వేలిని వంచడానికి రెండు స్నాయువులు: ఒకటి నడిమి కణుపు దాకా, ఇంకోటి కొస దాకా. మొదళ్లు చాచి ఉంచి, మిగతా కణుపులు కొక్కెంలా వంచితే అవి ఒకదాని మీద ఒకటి బాగా జారుతాయి. తర్వాత పూర్తి గుప్పిట. ఈ రెండూ మెల్లగా, రోజులో చాలాసార్లు చేయాలి.

కట్టు తీశాక మణికట్టును వంచడం, తిప్పడం మొదలుపెట్టాలి. గుడిలో తీర్థం పట్టేటట్టు అరచేయి పైకి తిప్పడం చాలామందికి ఆలస్యంగా వస్తుంది. మోచేయి ఒంటికి ఆనించి చేయాలి, లేకపోతే భుజం దొంగాట ఆడుతుంది. నీళ్ల బిందె ఎత్తడం డాక్టర్ సరేనన్నాకే.

వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతూ పోయినా వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని వారాల తర్వాత ఉన్నట్టుండి బొటనవేలి కొస పైకి లేవకపోతే స్నాయువు తెగి ఉండొచ్చు. ఎముక పక్కకు జరగని చిన్న విరుపుల్లోనే ఇది ఎక్కువ.