కిలోల లెక్కతో కడుపు కొలవలేం: అపోహలు - వాస్తవాలు

పెంపుడు జంతువుల వైద్యంలో నేను తరచూ వినే ప్రశ్న ఇది: "మా పోమ్ (పొమెరేనియన్ కుక్క) నాలుగు కిలోలు, లాబ్రడార్ నలభై. దానికి పదింతలు పెట్టాలి కదా డాక్టర్ గారూ?"

అపోహ: బరువు ఎన్ని రెట్లయితే తిండీ అన్ని రెట్లు.

వాస్తవం: కాదు. ఎలుక నుంచి ఎద్దు దాకా లెక్కలు పోల్చి చూసిన శాస్త్రవేత్త మాక్స్ క్లైబర్, శక్తి ఖర్చు బరువంత వేగంగా పెరగదని 1932లోనే చూపించారు. మేం రోజూ వాడే లెక్క మీరూ ఫోన్‌లో చేసి చూడండి. కిలోల బరువును మూడుసార్లు వేసి గుణించండి (బరువు × బరువు × బరువు), రెండుసార్లు వర్గమూలం నొక్కండి, 70తో గుణించండి. పోమ్‌కు రోజుకు 198 క్యాలరీలు, లాబ్‌కు 1,113. అంటే ఐదున్నర రెట్లు పైచిలుకు, అంతే. ఇది ఊరికే పడుకుని ఉన్నప్పటి ఖర్చు. తిరిగే కుక్కకు ఇంకా ఎక్కువ కావాలి.

అపోహ: మందు డోసైనా కిలోల లెక్కన హెచ్చిస్తే సరిపోతుంది.

వాస్తవం: 1962లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో టస్కో అనే ఏనుగుకు, పిల్లులకిచ్చిన మోతాదు ఆధారంగా కిలోల లెక్క కట్టి 297 మిల్లీగ్రాముల ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు ఎక్కించారు. ఐదు నిమిషాల్లో కూలిపోయింది, రెండు గంటల లోపే చనిపోయింది. ఆ తర్వాత ఇచ్చిన మందుల పాత్ర ఎంతన్న చర్చ ఉంది కానీ, ఆ డోసు మాత్రం తప్పే. ఒక జంతువు మందును ఇంకో జంతువుకు మీరే లెక్కకట్టి వేయకండి.

అపోహ: ఒంట్లో కిలోకు అయ్యే శక్తి ఖర్చు ఎక్కువైతే ఆయుష్షు తక్కువ.

వాస్తవం: ఎలుక, ఏనుగుల మధ్య నిజమే అనిపిస్తుంది. కుక్కల్లో తిరగబడుతుంది. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతి కన్నా, కిలోకు ఎక్కువ ఖర్చయ్యే చిన్న జాతులే ఎక్కువ కాలం బతుకుతాయి.

అపోహ: చిన్నదేగా, ఒక పూట తినకపోతే ఏమవుతుంది?

వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టే మాట ఇదే. కిలోకు చూస్తే పోమ్ ఖర్చు దాదాపు 50 క్యాలరీలు, లాబ్‌ది 28. పైగా చిన్న ఒంట్లో నిల్వ కూడా తక్కువ. ఒకరోజు పొద్దున్నే టవల్‌లో చుట్టి రెండు నెలల కుక్కపిల్లను తెచ్చారు. 700 గ్రాములు. మెడ నిలవడం లేదు, చిగుళ్లు పాలిపోయాయి. "రాత్రి తినలేదండీ, నిద్రొచ్చిందేమో అనుకున్నాం" అన్నారు. షుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించిన పది నిమిషాలకు తల ఎత్తి నా వేలు నాకింది. మీ ఇంట్లో ఇలా జరిగితే చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే బయల్దేరండి. మింగలేని పిల్ల నోట్లో మాత్రం ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.