స్పెయిన్ పాత ఆర్గన్ కంప్యూటర్‌లోకి వస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత చర్చిల్లో పైప్ ఆర్గన్‌లుంటాయి, అంటే తిత్తుల గాలితో గొట్టాలు పలికే పెద్ద వాద్యాలు. వాటిని గొట్టం గొట్టంగా రికార్డు చేసి, కంప్యూటర్‌కు కీబోర్డు తగిలించి వాయించుకునేలా తయారుచేయడం నా పని. అందులో ఎక్కువ కాలం స్పెయిన్ ఆర్గన్‌లతోనే గడిచింది. సంగీతం బాగా తెలిసిన మనవాళ్లు కూడా దీని గురించి కొన్ని మాటలు పొరపాటుగా అనుకుంటున్నారు. వాటికి ఓపిగ్గా జవాబు రాయాలని చాన్నాళ్లుగా ఉంది.

అపోహ: ఎలక్ట్రానిక్ కీబోర్డులో ‘చర్చ్ ఆర్గన్’ అని ఒక బటన్ ఉంటుందిగా, ఇదీ అదే.

వాస్తవం: మామూలు కీబోర్డుల్లో ఆ బటన్ వెనక చాలావరకు కొద్ది స్వరాల శాంపిళ్లే, అంటే రికార్డు చేసిన ధ్వని ముక్కలే ఉంటాయి. మిగతా స్వరాలను వాటినే సాగదీసి, కుదించి పుట్టిస్తారు. మేం అలా చేయం. 17, 18 శతాబ్దాల స్పెయిన్ ఆర్గన్‌లో ఒక కీబోర్డుకు తరచుగా 45 మెట్లుంటాయి. స్టాప్ అంటే ఒకే రకం ధ్వనినిచ్చే గొట్టాల వరస. ‘ఫ్లౌతాదో’ అనే స్టాప్‌లో మెట్టుకో గొట్టం పలుకుతుంది. ‘కోర్నేతా’లో ఒక్క మెట్టు నొక్కితే అయిదారు గొట్టాలు కలిసి పలుకుతాయి. ప్రతి స్టాప్‌లోనూ ప్రతి మెట్టునూ విడిగా రికార్డు చేస్తాం, అదీ కనీసం మూడుసార్లు: చాలాసేపు పట్టి వదిలినది, కాసేపు పట్టి వదిలినది, తాకీ తాకనట్టు వదిలినది. పొడవైన స్వరం ఆ రాతి కట్టడమంతా నిండుతుంది. పొట్టి స్వరం నిండకముందే ఆగిపోతుంది. అందుకే మెట్టు వదిలాక వచ్చే మారుమోత రెండింటికీ వేరు. రెంటికీ ఒకే తోక అతికిస్తే చెవి వెంటనే పట్టేస్తుంది. పూర్తి స్టాపులు 20 ఉన్నాయనుకున్నా 2,700 రికార్డింగులు. ఊళ్లో బండ్లూ మనుషులూ సద్దుమణిగాక, రాత్రిపూట తీయాలి.

అపోహ: సగం మెట్లు పలకట్లేదు, కింది మెట్లు తప్పు స్వరాలు ఇస్తున్నాయి. సెట్ పాడైనట్టుంది.

వాస్తవం: కొత్తగా వాయించేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. సెట్ అంటే ఒక ఆర్గన్ రికార్డింగులన్నీ కలిపిన కట్ట. అది బాగానే ఉంది, స్పెయిన్ ఆర్గన్ కట్టడమే అంత. అక్కడి కీబోర్డు నడిమి ‘సి’ దగ్గర రెండుగా చీలి ఉంటుంది. ఎడమ సగానికి వేరే స్టాపులు, కుడి సగానికి వేరే స్టాపులు. ట్రంపెట్‌లా పలికే ‘క్లారీన్’ స్టాప్ కుడి సగానిది కాబట్టి అదొక్కటే తెరిచి వాయిస్తే ఎడమచేతి కింద ఏమీ పలకదు. ఈ పద్ధతిని ‘మేదియో రెహిస్త్రో’ అంటారు, అంటే సగం స్టాప్. ఒకే కీబోర్డు మీద ఎడమచేయి మెత్తని ధ్వనితో తోడు వాయిస్తుంటే కుడిచేయి గంభీరమైన ధ్వనితో పాటను నడిపించగలదు. ఒకే మనిషి గాత్రం, పక్కవాద్యం రెండూ పట్టినట్టు. సెవిల్‌లోని సాన్ సాల్వదోర్ చర్చి ఆర్గనిస్టు కొర్రేయా దె అరౌహో 1626లో అచ్చువేసిన పుస్తకంలో ఈ పద్ధతి కోసమే రాసిన రచనలు ఎన్నో ఉన్నాయి. చీలిన కీబోర్డు లేకుండా వాటిని ఒక్క కీబోర్డు మీద రాసినట్టుగా వినిపించలేం.

కింది మెట్ల సంగతీ అలాంటిదే. అడుగున అరుదుగా వాడే నల్ల స్వరాలకు పెద్ద గొట్టాలు చేయడం ఖర్చు. అందుకని వాటిని వదిలేసి, ‘ఇ’లా కనిపించే మెట్టుకు ‘సి’ని, ‘ఎఫ్ షార్ప్’కు ‘డి’ని, ‘జి షార్ప్’కు ‘ఇ’ని కలిపారు. రెండు రోజులు అలవాటు పడితే చేతికి హాయిగా ఉంటుంది, ఎడమచేతి బొటనవేలికీ చిటికెనవేలికీ దూరం తగ్గుతుంది. కాలి మెట్లు కూడా జర్మనీ ఆర్గన్‌లలోలా వరసగా ఉండవు. కింది స్వరాన్ని పట్టి నిలబెట్టడానికి కొన్ని చిన్న మెట్లు, అంతే.

అపోహ: శ్రుతి తేడాలుంటే సాఫ్ట్‌వేర్‌లో సరిచేసేయొచ్చు.

వాస్తవం: సరిచేయొచ్చు. ఏది సరిచేయాలో, దేని జోలికి పోకూడదో తెలియడమే ఈ వృత్తిలో కష్టం.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మామూలు గొట్టం శ్రుతి దాదాపు 3 సెంట్లు పెరుగుతుంది. సెంటంటే అర స్వరంలో నూరో వంతు. రీడ్ గొట్టాల్లో పలికేది లోహపు నాలుక కాబట్టి అవి అంతగా కదలవు. అయిదు రాత్రులు రికార్డు చేస్తూ మధ్యలో చలి పెరిగి నాలుగు డిగ్రీలు పడిపోతే, మొదటి రాత్రి తీసిన ఫ్లౌతాదోకీ చివరి రాత్రి తీసిన ‘ఆక్టేవ్’ అనే మరో స్టాప్‌కీ 12 సెంట్ల తేడా వస్తుంది. ఆ తప్పు వాతావరణానిది, ఆర్గన్‌ది కాదు. దాన్ని సరిచేస్తాం. అందుకే ప్రతి ఫైలు పేరులో ఉష్ణోగ్రత రాసుకుంటాం.

ఆర్గన్ సొంత శ్రుతి మాత్రం వేరే సంగతి. అప్పటి స్పెయిన్ ఆర్గన్‌లను ‘మీన్‌టోన్’ అనే పద్ధతిలో శ్రుతి చేసేవారు. అందులో సి-ఇ లాంటి ఎనిమిది జంటలు అచ్చంగా 5:4 నిష్పత్తిలో కలుస్తాయి. సంగీతం క్లాసులో తంబూరా పక్కన కూర్చున్నవాళ్లకు ఈ ‘ఇ’ బాగా తెలుసు. మంద్రం తీగ మీటితే దానంతటదే వినిపించే స్వయంభూ గాంధారం ఇదే. ఇప్పటి పియానోలో, హార్మోనియంలో ఆ గాంధారం 14 సెంట్లు పైకి ఉంటుంది. నడిమి సి-ఇ కలిపి పట్టుకుంటే సెకనుకు దాదాపు 10 సార్లు అదురుతుంది. మీన్‌టోన్‌లో ఆ అదురు లేదు, స్వరాలు నిశ్చలంగా నిలబడతాయి. అందుకు మూల్యం వేరేచోట చెల్లించాలి. జి షార్ప్‌కూ ఇ ఫ్లాట్‌కూ మధ్య పంచమం 36 సెంట్లు దారి తప్పి అరుస్తుంది. దాన్ని తోడేలు అంటారు. ఆనాటి రచయితలు అది ఎక్కడుందో తెలిసే రాశారు.

మొదటి ఏడాది నేనొక చిన్న ఊరి ఆర్గన్ శాంపిళ్లను, వాడేవాళ్లకు సులువని, ఈక్వల్ టెంపరమెంట్‌లోకి, అంటే ఇప్పటి పియానో శ్రుతిలోకి జరిపాను. వినడానికి వచ్చిన పెద్దాయన ఒక ముక్తాయింపు వాయించి, చివరి స్వరాలను చాలాసేపు వదలకుండా పట్టుకుని కూర్చున్నారు. ఒక్క మాటా అనలేదు. ఆ అదురు నాకూ వినిపించింది. అప్పటి నుంచి మూల శ్రుతిలోనే ఇస్తున్నాను. వేరే శ్రుతి కావాలంటే వాడేవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో తామే ఎంచుకోవచ్చు.

అపోహ: ముందుకు పొడుచుకొచ్చిన ఆ అడ్డ గొట్టాలు అలంకారానికే.

వాస్తవం: 17వ శతాబ్దం రెండో సగం నుంచి స్పెయిన్ ఆర్గన్‌లకు గుర్తుగా నిలిచినవి అవే. ఫిరంగుల్లా వరసగా అడ్డంగా ఉండే ట్రంపెట్ గొట్టాలు. సలమాంకా కొత్త కథీడ్రల్‌లో పెద్రో దె ఎచెవర్రీయా 1744లో కట్టిన ఆర్గన్ చూస్తే అర్థమవుతుంది. ధ్వని పైకప్పుకు కాకుండా నేరుగా కింద ఉన్న జనం మీదికి వస్తుంది. పెళ్లిపందిట్లో నాదస్వరం మన వైపు తిరిగినప్పుడు ఒళ్లు ఎలా జల్లుమంటుందో, అచ్చం అలా. దగ్గరలో పెట్టిన మైకుకు ఇది పెద్ద పరీక్ష. ఫ్లౌతాదోకు సరిపడిన లెవెల్ క్లారీన్‌కు పనికిరాదు. అలాగని స్టాప్‌కో లెవెల్ మారిస్తే వాటి మధ్య అసలు బలాబలాలు పోతాయి. అందుకని అన్నిటికన్నా గట్టిదానికి లెవెల్ పెట్టి, రికార్డింగ్ అయ్యేదాకా ఆ మీట ముట్టం.

అపోహ: దీనికి లక్షల ఖరీదు చేసే కంప్యూటర్ కావాలి.

వాస్తవం: చిన్న సెట్‌కు 16 జీబీ మెమరీ ఉన్న మామూలు కంప్యూటర్ చాలు. ‘గ్రాండ్‌ఆర్గ్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. డబ్బుంటే మంచి హెడ్‌ఫోన్ మీద పెట్టండి.

అపోహ: డిజిటల్‌గా భద్రపరిచాం కాబట్టి అసలు ఆర్గన్‌కు ఏమైనా ఫర్వాలేదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. మేం తీసుకెళ్లేది ధ్వనిని మాత్రమే. మెట్టు నొక్కినప్పుడు లోపలి కవాటం తెరుచుకుంటూ వేలికి తగిలే ఆ చిన్న ప్రతిఘటన శాంపిల్‌లో లేదు. మెట్టును నెమ్మదిగా దించితే గొట్టం ఊపిరి వేరేలా మొదలవుతుంది, అదీ లేదు. పెద్ద గొట్టాలన్నీ ఒకేసారి గాలి లాగితే తిత్తులు ఒక్క క్షణం కుంగుతాయి, మొత్తం ధ్వని కాస్త వంగుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్క కట్టి చూపిస్తుంది కానీ అది ఊహే. చెక్కకు పురుగు పడుతుంది, తిత్తుల తోలు పగులుతుంది. వాటిని బాగుచేయగలిగేది చేతిపని తెలిసినవాళ్లే. అందుకే పని ముగిశాక, ఎడిట్ చేయని ఫైళ్ల కాపీ ఒకటి ఆ చర్చి వాళ్లకు ఇచ్చి వస్తాం. రేపెప్పుడో తోలు మార్చడానికి వచ్చే పనివాడికి, ఏ గొట్టం ఏ రాత్రి ఎన్ని డిగ్రీల చలిలో ఏ శ్రుతిలో పలికిందో అందులో దొరుకుతుంది.